మస్తాన్‌వలి వేసిన టంకం

నేను ఒక యాంప్లిఫైయర్‌ని. పుట్టింది ఢిల్లీలో ఒక రేకుల షెడ్డులో, పెరిగింది నరసరావుపేటలో మైకుసెట్టు అద్దెకిచ్చే వీరాంజనేయులు కొట్లో. పెళ్ళిళ్ళు, సంతాపసభలు, పార్టీ మీటింగులు అన్నీ చూశాను. మనుషులకు చెప్పాల్సిన మాట కొంచెమే ఉన్నా అది ఊరంతా వినపడాలి. ఆ పని నాది.

నన్ను పద్నాలుగేళ్ళు నడిపినవాడు కోటిలింగం. వైర్లు కలిపిన ప్రతిచోటా వేలితో నొక్కి చూసుకున్నాకే స్విచ్చి వేసేవాడు.

ఒకసారి నా గొంతు గరగరలాడితే మెకానిక్ మస్తాన్‌వలి నన్ను విప్పి, లోపల ఒక చిన్న ట్రాన్సిస్టరు మార్చాడు. నెల తిరగకుండానే ఒక పెళ్ళిలో, సరిగ్గా తాళి కట్టే వేళ, భుమ్మని మోత మోగించి పొగలు కక్కి ఆగిపోయాను. పెళ్ళివారు వీరాంజనేయుల్ని నానా మాటలూ అన్నారు.

మర్నాడు మస్తాన్‌వలి నా మూత తీశాడు. పెద్ద ట్రాన్సిస్టర్లు మాడి ఉన్నాయి. ఎందుకు మాడాయో వెతకలేదు.

"మీవాడు స్పీకరు వైర్లు షార్టు చేశాడన్నా," అనేశాడు.

వీరాంజనేయులు నలుగురి ముందూ కోటిలింగం చెంప మీద కొట్టాడు.

"వైర్లు చూసుకునే వేశానన్నా," అన్నాడు కోటిలింగం. కొట్లో పని మానేసి వెళ్ళిపోయాడు.

నిజం నా కడుపులోనే ఉంది. ఊరంతటికీ వినపడేలా అరిచే నేను ఆ పూట బల్లమీద మూగగా పడి ఉన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మాడినవి మార్చి నన్ను వేరేవాళ్ళతో నడిపించారు. ఎనిమిది నెలలకు మళ్ళీ అలాగే మాడిపోయాను. మస్తాన్‌వలి కొత్త ట్రాన్సిస్టర్లు వేసి, మధ్యలో ఒక బల్బు కలిపి కరెంటిచ్చాడు. లోపల షార్టుంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. అది ఒక్కసారి మెరిసి మందగించింది. అనుమానం తీరక చెక్కపుల్లతో బోర్డంతా తట్టాడు. ఒకచోట తట్టగానే బల్బు భగ్గున వెలిగింది.

భూతద్దం తీశాడు. కరెంటు పెరగకుండా కాపలా కాసే చిన్న ట్రాన్సిస్టరు కాలి చుట్టూ, టంకంలో వెంట్రుకంత పగులు. అది వదిలినప్పుడల్లా పెద్దవి కాలిపోతున్నాయి. ఆ టంకం వేసింది తనే.

మళ్ళీ టంకం వేయడానికి అర నిమిషం చాలు. వేశాడు. మూత బిగించేస్తే ఎవరికీ తెలియదు. మూత చేతిలోకి తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేశాడు. తర్వాత నన్ను అలాగే స్కూటరు మీద పెట్టుకుని జిన్నింగు మిల్లుకు పోయాడు. కోటిలింగం అక్కడ పత్తి బేళ్ళు మోస్తున్నాడు.

"తప్పు నాది కోటిలింగం. నీ వైర్లు బాగానే ఉన్నాయి."

కోటిలింగం చేతుల దూది దులుపుకున్నాడు. "నాకు తెలుసు గదన్నా. తెలియంది ఆయనకి. ఆయనకి చెప్పు."

చెప్పాడు. విన్న వీరాంజనేయులు ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక నా లోపల కొత్తగా వేసిన టంకం వైపే చూశాడు. సాయంత్రం మస్తాన్‌వలినీ, నన్నూ వెంటబెట్టుకుని కోటిలింగం ఇంటికి వెళ్ళాడు.

"కొట్టకుండా ఉండాల్సింది. మళ్ళీ రారా."

కోటిలింగం ఇద్దరికీ మంచినీళ్ళిచ్చాడు. "రాలేనన్నా. నలుగురిలో మైకు దగ్గర నిలబడితే ఆ చెంపదెబ్బే గుర్తొచ్చిద్ది."

కోటిలింగం గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ చెప్పులు వేసుకునేటప్పుడు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.