బావ కోసం పన్నెండు వోల్టుల టీవీ

కుర్చీ పోయిన రోజే వెర్లిన్‌కి అనుమానం వచ్చింది.

అది వాళ్ళ బావ డెల్మర్ మడత కుర్చీ. ఆకుపచ్చ గుడ్డది, కుడిచేతి వైపు కాఫీ మరకలు. డిసెంబరులో బూట్ సరస్సు గట్టిగా గడ్డకట్టగానే వెర్లిన్ తన చేపల గదిని, అంటే మంచుకి రంధ్రం చేసి లోపల కూర్చుని చేపలు పట్టుకునే చిన్న గదిని, పికప్ ట్రక్కు వెనక కట్టి మంచు మీదికి లాగుతాడు. డెల్మర్ కుర్చీ తెచ్చి ఉత్తరపు గోడవారన వేస్తాడు. ఇక మార్చిలో గదిని మళ్ళీ ఒడ్డుకు చేర్చేదాకా అది కదలదు. వెర్లిన్ అక్క ఆర్డిస్‌ని డెల్మర్ చేసుకున్న ఏడాది నుంచీ ఇదే వరస. అలాంటిది ఈ జనవరిలో ఒక సాయంత్రం డెల్మర్ కుర్చీ మడిచి చంకన పెట్టుకున్నాడు.

"కాలు వదులైందిరా. బాగుచేసుకుని తెస్తా" అన్నాడు.

కాలు వదులు కాలేదు. అంతకు ముందురోజే వెర్లిన్ ఆ కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకున్నాడు.

తర్వాతి ఆదివారం చర్చి కింది హాల్లో కాఫీల దగ్గర కదిపి చూశాడు. "శనివారం గదికి వస్తున్నావా బావా?"

"ఎందుకులేరా, నీకు ఇబ్బంది" అన్నాడు డెల్మర్.

ఇందులో తప్పు పట్టాల్సిందేం లేదు. ఆ ఊళ్ళో ఎవరేది ఇస్తానన్నా మొదటిసారి వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి, కాకపోతే కొంచెం మెత్తగా. మూడోసారి "సరే, మరీ అంతగా అడుగుతున్నారు కాబట్టి" అని తీసుకోవాలి. మొదటిసారే చెయ్యి చాపినవాణ్ణి ఆత్రగాడంటారు, మూడోసారి అడగనివాణ్ణి పిసినారంటారు. కానీ రెండోసారికి అవతలి మనిషి అసలు నోరే విప్పకపోతే బేరం ముగిసినట్టు. ఆ పైన అడగడం మర్యాద కాదు.

డెల్మర్ కాఫీ డబ్బా మీదికి వంగి కప్పు నింపుకుంటున్నప్పుడు వెర్లిన్ వెనక నిలబడి రెండోసారి అడిగాడు. డెల్మర్ కప్పు నింపుకున్నాడు, ఒక నిమ్మకాయ కేకు ముక్క తీసుకున్నాడు, వెనక్కి తిరక్కుండానే అవతలి బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం వెర్లిన్ సరస్సు ఒడ్డునున్న తన ఎరల దుకాణం కిటికీలోంచి చూస్తే డెల్మర్ ఎర్ర పికప్ మంచు మీద, కర్టిస్ అనే ఊరివాడి గది పక్కన ఆగి ఉంది. కర్టిస్‌ది పేరుకే చేపల గది. చక్రాలూ పడకలూ పొయ్యీ, గోడ నిండా టీవీ, బయట రోజంతా గురక పెట్టే జనరేటరు.

వెర్లిన్ వ్యాపారస్తుడు. ఖాతాదారు ఎదుటి కొట్టుకి మారాడంటే కారణాలు మూడే అని అతని లెక్క. సరుకు నచ్చలేదు, ధర నచ్చలేదు, కొట్టువాడి మొహం నచ్చలేదు. ఇక్కడ ధర ప్రసక్తి లేదు. మిగిలినవి రెండు. మొహమే కారణమైతే చేయగలిగిందేమీ లేదు. ఆ మాట అతను తేలిగ్గా అనుకోలేకపోయాడు. భార్య మావిస్ పోయి మూడేళ్ళయింది. దుకాణంలో రోజంతా మాట్లాడతాడు, కానీ అదంతా ఎర చేపల ధరా, మంచు మందమూ. మనిషిలా మాట్లాడేది వారానికొకసారి, బావతో, ఆ గదిలో. అది పోతే చలికాలమంతా ఎర చేపలే మిగులుతాయి.

కాబట్టి ముందు సరుకు మార్చి చూద్దామనుకున్నాడు. టీవీ పెట్టాక బావ వస్తే సరి. రాకపోతే కారణం మొహమే.

పట్నం వెళ్ళి పెద్ద షాపులో వరసగా పెట్టిన టీవీలన్నీ ఒక్కొక్కటే వెనక్కి తిప్పి చూశాడు. అమ్మే అమ్మాయి కాసేపు ఊరుకుంది.

"ముందు వైపు కూడా చూడొచ్చండీ" అంది.

"ముందు వైపు అన్నీ ఒకలాగే ఉన్నాయమ్మా. ఎంత కరెంటు తింటుందో వెనకాలే రాసుంటుంది."

"ఈ పెద్దది చాలామంది తీసుకుంటున్నారు."

"అది లోపల పెడితే మేం బయట కూర్చోవాలి."

గదిలో ఎలాగూ కరెంటు ఉండదు. జనరేటరు పెట్టొచ్చు, కానీ దానికి పెట్రోలు, వాసన, పొద్దున్నే తాడు లాగి లాగి భుజం నొప్పి. పికప్ బ్యాటరీకి తగిలించొచ్చు, కానీ అది బండి స్టార్ట్ చేయడానికి పనికొచ్చేది. టీవీలో ఆట అయ్యేసరికి అది కాస్తా దిగిపోతే మంచు మీంచి నడిచి ఇంటికి రావాలి. పడవ మోటారుకి వాడే పెద్ద బ్యాటరీ ఉంది, నిదానంగా ఎంతసేపైనా ఇచ్చే రకం. చలికాలమంతా అది దుకాణం మూల ఊరికే కూర్చుంటుంది. పనిలేనివాడికి పని చెప్పినట్టుంటుంది.

అక్కడా ఒక మెలిక ఉంది. బ్యాటరీలో ఉండేది పన్నెండు వోల్టులు. దాన్ని ఇన్వర్టరుతో ఇంటి కరెంటుగా మార్చి, టీవీ అడాప్టరుతో మళ్ళీ కిందికి దించడమంటే ఇద్దరు దళారులకి కమిషన్ ఇవ్వడమే. అందుకే అడాప్టరు మీద పన్నెండు వోల్టులని రాసి ఉన్న టీవీ కోసం వెతికాడు. చివరి వరసలో చిన్నది దొరికింది. అడాప్టరు పక్కన పెట్టి, మధ్యలో ఒక ఫ్యూజు వేసి, బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగితే సరిపోతుంది. దళారులు లేని బేరం.

బ్యాటరీని నేల మీద పెట్టలేదు. చలి తగిలితే సగమే పనిచేస్తుందని, గ్యాసు హీటరుకి ఎడంగా ఒక పలక మీద పెట్టాడు. గది గోడలకి రేకు కొట్టి ఉంది, లోపలికి బొమ్మ రాదు. యాంటెన్నాని గెడకి కట్టి బయట మంచులో పాతాడు. గడ్డకట్టిన టీవీని వెచ్చటి గదిలో వెంటనే వేస్తే లోపల చెమ్మ పడుతుంది. అందుకే ప్రతి సాయంత్రం దుప్పట్లో చుట్టి ఇంటికి తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాడు. తగిలించేది మాత్రం దక్షిణపు గోడకి. ఉత్తరపు గోడవారన కుర్చీ వేస్తే సరిగ్గా ఎదురుగా ఉంటుంది.

అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా, ఆదివారం ఆట మన గదిలో చూద్దామని బావకి చెప్పు."

"నువ్వే చెప్పొచ్చుగా?"

"నేను చెబితే రెండోసారికి పలకలేదు."

"నాకు మాత్రం పలుకుతున్నాడా? నలభై ఏళ్ళ కాపురం. నా మాటలు ఆయనకి సరిపోయినట్టున్నాయి. చెప్తాలే."

ఆదివారం డెల్మర్ వచ్చాడు. చేతిలో ఆర్డిస్ పంపిన జింక మాంసం సాసేజీ పొట్లం ఉంది, కుర్చీ లేదు. ఎర చేపల బకెట్టు బోర్లించుకుని చుట్టంలా కూర్చున్నాడు. టీవీనీ తీగనీ బ్యాటరీనీ చూశాడు.

"అదో రకంగా ఉంది" అన్నాడు.

అక్కడివాళ్ళకి బాగున్నదేదైనా "ఫర్వాలేదు"గానే ఉంటుంది. కొత్త ట్రాక్టరైనా, పెళ్ళికూతురైనా అంతే. అదో రకంగా ఉందన్నారంటే ఇక ఆ వస్తువు గురించి ఎత్తకపోవడమే మంచిది.

ఆట మొదలైంది. "కొంచెం పెంచరా" అన్నాడు డెల్మర్. పెంచాడు. "ఇంకొంచెం." రేకు గోడలు అదిరేదాకా పెంచాక డెల్మర్ కుదురుగా కూర్చున్నాడు.

గదిలో నేల చెక్కకి రెండు రంధ్రాలు, వాటి కింద మంచులో రెండు రంధ్రాలు. ఒక్కోదాని పైన గోడకి ఒక చెక్క గిలక. దానికి దారం చుట్టి ఉంటుంది. గిలక లోపల గింజలుంటాయి. చేప ఎర పట్టి లాగితే గిలక తిరుగుతుంది, గింజలు గలగలమంటాయి. పక్క గదిలోవాడు కూడా తల తిప్పే చప్పుడది.

రెండో విరామంలో డెల్మర్ వైపు గిలక గలగలమంది. అది సరిగ్గా అతని చెవి పక్కనే ఉంది. డెల్మర్ కదల్లేదు. ఆటలో మునిగిపోయాడనుకున్నాడు వెర్లిన్. తెర వైపు చూస్తే అక్కడ ఆట లేదు, ఎవరో అమ్మాయి షాంపూ గురించి చెబుతోంది. వెర్లిన్ అతని మీదుగా చెయ్యి చాపి దారం అందుకున్నాడు. అక్కడివాళ్ళు ఇష్టంగా తినే వాలై రకం చేప, మంచి సైజుది వచ్చింది.

"ఎప్పుడు పడింది?" అన్నాడు డెల్మర్ ఉలిక్కిపడి.

"ఇప్పుడే."

"చప్పుడే చెయ్యలేదు. గింజలు పోయినట్టున్నాయి, చూసుకో."

వెర్లిన్ చేపని బయట మంచులో పడేసి వచ్చాడు. ఫ్లాస్కు కోసమన్నట్టు బావ వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"బావా, కాఫీ పోయనా?"

డెల్మర్ తెర మీంచి చూపు తిప్పలేదు.

"బావా, నీ పికప్ తగలబడుతోంది."

డెల్మర్ ఇంకో సాసేజీ ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

వెర్లిన్ ఫ్లాస్కు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చర్చిలో కాఫీ డబ్బా దగ్గర కూడా ఇలాగే వెనకనుంచి అడిగాడు. తను మౌనం అనుకున్నది మౌనం కాదు. ఆ రోజు బేరం ముగియనే లేదు. అవతలివాడి చెవికి అందని మాటకి జవాబు రాలేదని తను కొట్టు కట్టేసుకున్నాడు.

చుట్టూ తిరిగి వచ్చి టీవీకీ బావకీ మధ్య నిలబడ్డాడు.

"అడ్డం లేవరా, మొదలవుతోంది."

"శనివారాలు వస్తావా బావా?"

"ఇప్పుడు వచ్చాగా."

"వచ్చావనుకో. ఇది నేను మూడోసారి అడగడం."

"మూడోసారా?" డెల్మర్ మొహం చిట్లించాడు. "అడిగింది ఒక్కసారి. రెండోసారి అడుగుతావేమోనని చూశాను. అడగలేదు నువ్వు."

"అడిగాను. కాఫీ దగ్గర. నీ వెనక నిలబడి."

డెల్మర్ టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకుని చెవుల మీదికి లాక్కున్నాడు. వెర్లిన్ వెనక్కి చెయ్యి పెట్టి టీవీ గొంతు తగ్గించాడు.

"వెనక నిలబడి అడుగుతాడా ఎవడైనా?" అన్నాడు డెల్మర్ చివరికి.

"తప్పు నాదే."

"నీదే." చేతిలో సాసేజీ పొట్లం అటూ ఇటూ తిప్పాడు. "కర్టిస్ గదిలో ఎవడూ ఏమీ అడగడు. టీవీ మోగుతుంటుంది. వాళ్ళు నవ్వినప్పుడు నవ్వితే చాలు. ఇక్కడైతే నువ్వు మాట్లాడుతుంటావు."

"మాట్లాడతాను."

"అదే. సగం ఊహించుకోవాల్సి వస్తోంది. మావిస్ గురించి చెబుతున్నావో, మంచు గురించి చెబుతున్నావో తెలీక నవ్వితే బాగుండదు గదా."

వెర్లిన్ ఇంకా ఎదురుగా నిలబడే ఉన్నాడు.

"సరేలే" అన్నాడు డెల్మర్. "మరీ అంతగా అడుగుతున్నావు కాబట్టి. ఇప్పుడు పక్కకి జరుగు."

ఆ వారమంతా వెర్లిన్ లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకున్నాడు. ఖాతాదారుకి కావలసింది టీవీ కాదు, తను టీవీ తెచ్చి పెట్టాడు. అలాగని పెట్టుబడంతా దండగ కాలేదు. బ్యాటరీ ఉంది, ఫ్యూజు ఉంది, తీగ గోడదాకా వచ్చే ఉంది. పాత పడవ ముక్కుకి ఉండే ఎర్ర దీపం దుకాణంలో పడి ఉంది. దాన్ని ఉత్తరపు గోడ గిలక మీద బిగించాడు. గిలక తిరిగితే ఒక రేకు నాలుక వెళ్ళి మేకుకి తగిలేలా, తగిలితే దీపం వెలిగేలా తీగ కలిపాడు. టీవీ తినేదానిలో ఈ దీపం తినేది లెక్కలోకే రాదు.

శనివారం డెల్మర్ కుర్చీతో వచ్చాడు. గోడవారన విప్పి వేశాడు. వెర్లిన్ ఓరకంట చూశాడు. కాలికి అదే పాత మరమేకు, అదే తుప్పు. స్క్రూడ్రైవరు దాని దగ్గరికి వచ్చిన జాడ లేదు.

"ఆ దీపమేంటి?"

"నాకు" అన్నాడు వెర్లిన్. "ఈమధ్య గిలక చప్పుడు సరిగ్గా వినపడట్లేదు."

"నీకా?"

"వయసు మీద పడుతోంది గదా."

డెల్మర్ అతన్ని కాసేపు చూశాడు, గిలకని కాసేపు చూశాడు. "నీ గిలకకి పెట్టుకోకుండా నా గిలకకి పెట్టావే?"

"నీదాన్నీ నేనే లాగుతున్నాగా మొన్నటినుంచి."

డెల్మర్ భుజాలు కదిలేలా నవ్వాడు. టీవీ గోడకి తగిలించి ఉంది గానీ ఆట లేని రోజు కాబట్టి వెర్లిన్ దాన్ని వెయ్యలేదు. మధ్యాహ్నానికి ఎర్ర దీపం వెలిగింది. డెల్మర్ మొహం మీద ఎరుపు పడింది. తనే వంగి దారం అందుకుని, నిదానంగా చుట్టి, చేపని నేల మీదికి తెచ్చాడు. గాలం తీసి, మళ్ళీ ఎర గుచ్చి దించాక దీపం వైపు తలెత్తి చూశాడు.

"ఫర్వాలేదు" అన్నాడు.

వెర్లిన్ బకెట్టు లాక్కుని, టీవీ ఉన్న గోడకి వీపు ఆనించి, బావకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. ఫ్లాస్కు మూత తీశాడు.

"కాఫీ పోయనా బావా?"

"వద్దులేరా."

"వేడిగా ఉంది. కొంచెం పోస్తా."

రెండోసారికే డెల్మర్ కప్పు ముందుకు చాపాడు.