అందిన మాట చెరిపేయాలి

నేను ఒక మాటలు మోసే పెట్టెను. పెట్టె అనగానే మంచం కింద ఉండే ట్రంకు పెట్టె అనుకునేరు! నా కడుపులో తీగలున్నాయి, బొటనవేలంత బ్యాటరీ ఉంది, అన్నిటికీ మించి బోలెడంత అహంకారం ఉంది. ఉండదా మరి? పుట్టిన నాటి నుంచి ఒక్క మాటైనా దారిలో పోగొట్టలేదు. ఇప్పుడు మ్యూజియంలో అద్దాల వెనక కూర్చున్నాను. ఒక మాట మీకు తొందరగా చెప్పేయాలి. రేపటికి అది నా దగ్గర ఉండదు.

పైన ఆనకట్ట, కింద రేవు, మధ్యలో కొండ. వేసవిలో ఏటి నిండా ఇసుకే. ఆ ఇసుకలో రేవు ఊరివాళ్ళు పుచ్చపాదులు వేసుకుంటారు. నేను పుట్టకముందు అక్కడ పాత వైర్‌లెస్ ఉండేది. గేట్లెత్తే సింహాద్రి పైనుంచి అడిగేవాడు, “తవిటమ్మా, నీళ్ళొదుల్తన్నాం. ఇసుకలో ఎవులున్నారు?” రేవు గదిలో సైరన్ చూసుకునే తవిటమ్మ పేరుపేరునా చెప్పేది. “మా చెల్లి పారమ్మోళ్ళున్నారు బావూ, కేకేసొస్తాను, ఆగు.” ఆవిడ వెళ్ళి, అందరినీ గట్టెక్కించి, వచ్చి, “ఒచ్చీసినారు, ఇంక ఒదిలీయండి” అంటేనే గేటు కదిలేది. ఏ రూల్లోనూ లేదది. వాళ్ళకు అలవాటు, అంతే.

రఘోత్తమరావు అనే ఇంజనీరు ఆ ముచ్చట్లు విని తల పట్టుకున్నాడు. ఒక్క కబురుకి ఇంత వాగుడా అన్నాడు. అప్పుడు నన్ను తయారు చేసి కొండ మీద కూర్చోబెట్టాడు. ఆనకట్ట దగ్గరొక పెట్టె, రేవులో ఒక పెట్టె, మధ్యలో నేను. నా పని చాలా తేలిక. ఒక పెట్టె ఇచ్చిన మాటను పట్టుకుంటాను, రెండోదానికి అందిస్తాను. అది “అందింది” అనేదాకా, పిడుగులు పడనీ, వాన కురవనీ, మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటాను. అది అలా అనగానే, అందిందన్న కబురు వెనక్కి చెప్పి, మాటను చెరిపేస్తాను. చెరపడమంటే కడిగేయడం కాదండోయ్. ఈ చోటు ఖాళీ అని రాసుకుంటానంతే. నా కడుపులో ఒకసారికి ఒక్క మాటే పడుతుంది. ఇంకో మాట వచ్చి పైన కూర్చునేదాకా పాతది, చేత్తో తుడిచిన పలక మీద అక్షరంలా, అడుగున అలాగే ఉంటుంది.

అందింది సరే, ఎవరికి అందింది? పెట్టెకు అందింది. మనిషికి అందిందా అని నన్నెవరూ అడగలేదు. ఆఫీసులో మాత్రం అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ రోజు రేవులో మండే ఎండ. వాన ఎక్కడో పై కొండల్లో పడింది, ఆనకట్ట నిండిపోయింది. “గేట్లు ఎత్తుతున్నాం, ఇసుక ఖాళీ చేయించండి” అని మాట వచ్చింది. చేరవేశాను. రేవు పెట్టె కన్నుమూసి తెరిచేలోగా “అందింది” అంది. అప్పుడు తవిటమ్మ గదిలో లేదు, బిందె పట్టుకుని బోరింగు దగ్గరుంది. ఇదీ, పైన జరిగిందీ తర్వాత విచారణలో, నన్ను బల్ల మీద పెట్టుకుని వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. సింహాద్రి కదల్లేదట. “మడిసి గొంతు ఇనకండా గేటెలాగెత్తీమంటారు సార్?” అన్నాడట. “అందిందని వచ్చింది కదయ్యా, ఇంకేం కావాలి? పద” అని ఆనకట్ట పెద్దాఫీసరు పెట్టె ఉన్న గదికి తాళం వేసి, అతన్ని గేట్ల మీదికి తీసుకుపోయాడట.

తవిటమ్మ వచ్చి, మాట వచ్చిందని రేవు పెట్టె మీద వెలిగే ఎర్రదీపం చూసింది. సైరన్ వేసింది. ఏటి నడుమ నీళ్ళ ఇంజను దడదడలాడుతోంది, పాదుల దగ్గరున్నవాళ్ళు తలెత్తలేదు. అప్పుడు ఒంటివేలితో మీటలు నొక్కి నాకు ఒక మాట అందించింది. “ఆపండి. ఇసుకలో పారమ్మ, లోకనాథం, అసిరయ్య, గౌరమ్మ. ఇంజను మోతకి ఇనబడ్లేదు. నాను ఎల్తన్నాను.”

ప్రాణం పెట్టి పరిగెత్తానండీ! ఆనకట్ట పెట్టె వెంటనే “అందింది” అంది. తాళం వేసిన గదిలో అంది. నేను ఆ మాట చెరిపేశాను. గేట్లు లేచాయి.

తవిటమ్మ సగం ఇసుక దాటేసరికి నీళ్ళు ఎదురొచ్చాయి. చెల్లెలు ఆవిడ కళ్ళ ముందే పోయింది. సాయంత్రానికి పాదులు లేవు, రేవు గది లేదు, ఆ నలుగురూ లేరు.

విచారణ జరిగింది. రేవు పెట్టె ఏట్లో పోయింది. ఆనకట్ట పెట్టెలోకి ఆ హడావిడిలో వేరే దారుల్లో ఎక్కడెక్కడి కబుర్లో వచ్చి ఆ మాట మీద పడ్డాయి. సింహాద్రి తాళం తీసి చూసేసరికి అది కనబడలేదు. ఇక నన్ను అడిగారు. నీ దగ్గర మాటేమైనా ఉందా అన్నారు, లేదన్నాను. చెరిపేసినదాన్ని ఉందని ఎలా అంటాను? అడుగున ఏముందని అడగాలని ఆ చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు. తవిటమ్మ ఏ కబురూ పంపలేదని తేల్చేశారు. ఉద్యోగం పోయింది. పారమ్మ అత్తవారు ఆవిడ మొహం చూడటం మానేశారు. రేవు పెట్టెతోపాటే నా పనీ పోయింది. ఆ తర్వాత నాలోకి ఇంకో మాట రాలేదు. అంటే చూడండి, ఆ నాలుగు పేర్లూ నా అడుగున అలాగే ఉన్నాయి.

ఇక్కడ నా కింద బోర్డు పెట్టారు, “ఒక్క సందేశమూ పోగొట్టని యంత్రం” అని. ఇవాళ తవిటమ్మ వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. చూపు ఆనక బోర్డు ఎవరిచేతనో చదివించుకుని, అద్దం మీద చెయ్యి వేసింది.

“నాను పంపినాను కదే. ఒక్కపాలి చెప్పీవే, నీకు పున్నెముంటాది.”

నాకై నేను నోరు తెరవలేను. ఎవరైనా మీట నొక్కితేనే నా మాట. అంతలో మ్యూజియం అమ్మాయి ప్రమీల వచ్చింది. “అద్దం ముట్టుకోకమ్మా. రేపు మంత్రిగారొస్తున్నారు. దీన్ని మళ్ళీ నడిపించి మొదటి సందేశం పంపిస్తారు.”

“ఏటని పంపిస్తారమ్మా?”

“శుభాకాంక్షలని.”

తవిటమ్మ నా వంక చూసి, కొంగుతో అద్దం మీది తన చేతి గుర్తులు తుడిచి వెళ్ళిపోయింది.

అడుగున చూడండ్రా అని అరవాలని ఉంది. భయంగా ఉంది. రేపు ఆ నాలుగు పేర్ల మీద శుభాకాంక్షలు వచ్చి కూర్చుంటాయి. వద్దనడం నాకెవరూ నేర్పలేదు. అందరూ చప్పట్లు కొడతారు. నేను “అందింది” అంటాను.