చేతులెత్తని సభ

మా సీనియర్ పూనం సోమ్లీ అక్క దోర్ల ఆదివాసీల ఇంటి ఆడబిడ్డ. తల నెరిసేదాకా గూడేల తరఫున కోర్టుల్లో వాదిస్తూనే ఉంది. నేను కిరందుల్ గనుల కాలనీలో పెరిగిన ఆంధ్రా పిల్లను, ఆమె దగ్గర జూనియర్‌ని. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. అక్కది ఎక్కడ దాచుకుంటుందో ఇంతవరకూ కనిపెట్టలేకపోయాను.

తోంగ్‌పాల్ అవతల ఒక ఊరి కొండను రాతి క్వారీకి రాసిచ్చేశారు. గ్రామసభ ఒప్పుకుందన్నారు. అసలు సభే జరగలేదని అక్క ఏళ్ల తరబడి వాదించి గెలిచింది. మళ్లీ సభ పెట్టండి, ఊరి మాటే చివరి మాట అంది కోర్టు. ఆ సభ ఇవాళే. ఊరు వద్దంటేనే కొండ మిగులుతుంది.

చింతచెట్టు కింద కుర్చీ వేయించుకున్న అధికారి, "క్వారీ వద్దనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు హిందీలో. ఒక్క చెయ్యీ లేవలేదు.

"విరోధ్ లేదు. పాస్ అని రాసుకో" అన్నాడు గుమాస్తాతో హుషారుగా.

నేను ఒక్క ఉదుటున లేవబోతే అక్క నా చున్నీ పట్టి లాగింది.

"కూసో శిరీషా. ఈ ఊళ్ల చేతులెత్తరు. ఎత్తితే ఊరు రెండు ముక్కలైనట్టే లెక్క. అందరిదీ ఒక్క మాటయ్యేదాక మాట్లాడుకుంటరు."

"మరి ఆ ముక్క ఆయనకు చెప్పవేం?"

అక్క తాపీగా లేచింది. "సాబ్, క్వారీ కావాలనేవాళ్లను కూడా అడగండి" అంది హిందీలో.

అడిగాడు. మళ్లీ ఒక్క చెయ్యీ లేవలేదు. గుమాస్తా పెన్ను గాలిలోనే ఆగింది.

"అయితే సభ ఇంకా అవ్వలేదు" అని అక్క కూర్చుంది.

అప్పుడు మొదలైంది మాట. హిడ్మే అవ్వ ఆ కొండ మీంచి దిగే వాగు గురించి చెప్పింది. మాసే అనే పడుచు కొండ మీది ఇప్పచెట్ల గురించి చెప్పింది. ఇద్దరు పిల్లల తండ్రి మంగు మాత్రం క్వారీ కావాలన్నాడు.

"టిప్పర్ నడిపితే నెలనెలా జీతమొస్తది. కొండను జూసుకుంట ఎన్నాళ్లు కూసోవాలె?"

నేను పళ్లు నూరాను. ఊరు మాత్రం అతని మాట చివరిదాకా విన్నది. ఎవరూ కసురుకోలేదు. మధ్యలో జావ వచ్చింది. అధికారి కూడా దొప్పెడు తాగి, కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నాడు.

పొద్దు వాలే వేళకు మంగే లేచాడు. "వాగు ఎండితే నా పొలం గూడ ఎండిపోతది, గది నిజమే. కొండ ఉండనీ. గానీ నా పని సంగతి గూడ సభల రాయాలె."

"రాయాలె బిడ్డా, ఎందుకు రాయొద్దు?" అంది హిడ్మే అవ్వ. తలలన్నీ ఊగాయి.

అధికారి రాయించి, చదివి వినిపించాడు. క్వారీ వద్దు. మంగుకు పని చూపించే బాధ్యత ఊరిది. తర్వాత మర్యాదగా అక్క వైపు తిరిగాడు. "వకీల్ మేడమ్, మీరేమైనా చెబుతారా?"

ఇన్నేళ్లూ ఈ ఊరి కోసం గొంతు పోయేలా వాదించిన మనిషి తల అడ్డంగా ఊపింది.

"నేను ఈ ఊరిదాన్ని కాదు సాబ్. ఇక్కడ నా మాట చెల్లదు" అంది.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఉన్న సంతోషం, ఏ కేసు గెలిచిన రోజూ నేను చూడలేదు.