మింగేసిన తుమ్ము

కుక్కలు పరుగెత్తుతూనే ఉన్నాయి, ఆరు కుక్కలు, జంటలు జంటలుగా, నేను బండి వెనక రెండు చెక్కల మీద చెరో కాలూ పెట్టి పిడి పట్టుకుని నిలబడి ఉన్నాను, ముందు తొట్టిలో మా పెద్ద తోటికోడలు సత్యవేణక్క కాళ్ళు చాపుకుని కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది, పోయి పదమూడు నెలలైన మనిషి ఇప్పుడు ఎవరికి కూర వండబోతోందన్న అనుమానం నాకు రావడం లేదు, ఇంత చలిలో ఆ పలచటి ఆకుపచ్చ నేత చీర ఏం ఆగుతుందన్నదే నా బెంగ.

"శాలువా కప్పుకోరాదూ అక్కా?"

"కప్పుకుంటే చేతులాడవే. నువ్వు ముందు చూసి తోలు."

"తోలేది నేను కాదు. వాటంతట అవే పోతున్నాయి. నేను ఊరికే పట్టుకుని నించున్నా."

"ముప్పై ఏళ్ళ కాపరంలో మనం చేసిందీ అదేగా," అంటుంది, ఈనె ఒకటి మంచులోకి విసిరి.

కొండలు తెల్లగా, అంచులు లేకుండా, ఇడ్లీ రేకులో పొంగిన పిండిలా ఉన్నాయి, కాసేపు అవి కొండలే, కాసేపటికి పాలకొల్లులో మా వంటింటి గోడలు, పెచ్చులూడిన సున్నంతో సహా, బండి గడప దాటినట్టు ఒక్క కుదుపు కుదుపుతుంది, పొయ్యి మీది గోడకు ఆ క్యాలెండరు వేలాడుతూ కనిపిస్తుంది, ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చింది, ఏ సంవత్సరానిదో అంకెలు కూడా మాసిపోయాయి, డిసెంబరు బొమ్మలో మంచు కొండా కుక్కల బండీ, ఎరువులకూ కుక్కలకూ సంబంధమేమిటో ఆ కొట్టు యజమానికే తెలియాలి, ఆ ఒక్క కాగితాన్నీ అక్క ఎవరినీ చించనివ్వలేదు, పోపు చిట్లి కుక్కలన్నీ పసుపు రంగుకు తిరిగినా సరే. ఎప్పటికైనా వెళ్దామే హైమా, నేను కూర్చుంటాను, నువ్వు తోలుదువుగాని, అనేది. ఆవిడకి నడుము నొప్పి, నాకు స్కూటీ కూడా రాదు, హైమవతి అని పేరు పెట్టుకుని యాభై ఆరేళ్ళు వచ్చినా మంచంటే నాకు ఫ్రిజ్‌లోంచి గీకి పారేసేదే, అయినా ఆ ఏర్పాటు మా ఇద్దరికీ సబబుగానే తోచేది.

"మరిది రాలేదా?"

"మోకాళ్ళు. పైగా ఆయనకి కుక్కలంటే భయం."

"ఒక్కదానివే వచ్చావా అయితే! ఇంత దూరం!"

"రెండు విమానాలు, ఒక రైలు, ఒక వ్యాను. అవేం కష్టం కాలేదక్కా. భోజనాల దగ్గర 'ఒక్కరే' అని చెప్పగానే ఎదురుగా ఉన్న కుర్చీ తీసేసి పట్టుకెళ్ళిపోతారు. అదొక్కటే కష్టం. ఖాళీదైనా సరే, ఉంచితే వాళ్ళ సొమ్మేం పోయింది?"

చాటలో చిక్కుడుకాయలు ఎంత ఒలిచినా తరగడం లేదు. ముందు వరసలో ఎడమవైపు కుక్క భుజాలు ఎగరేస్తూ, తల ఎవరికోసమూ తిప్పకుండా పోతోంది.

"అది అచ్చం మన మావగారిలా లేదూ?" అంటుంది అక్క.

"తోక ఒక్కటే తేడా."

ఇద్దరం నవ్వుతాం, ఆ నవ్వుకు మంచు పొడి లేచి మీద పడుతుంది, అది మంచు కాదు, ముగ్గు పిండి, ముక్కులోకి పోయి జిలపెడుతుంది, అప్పుడు నాకు ఇంత దూరం ఏ మాట మోసుకొచ్చానో గుర్తొస్తుంది. మా ఇంట్లో ఎవరైనా గుమ్మం దాటబోతుండగా ఒంటి తుమ్ము వినబడితే ఆ మనిషి వెనక్కి వచ్చి, పీట మీద కాసేపు కూర్చుని, గ్లాసెడు మంచినీళ్ళు తాగి మరీ బయలుదేరాలి. నీళ్ళు నిదానంగా తాగాలి, గబగబా తాగితే చెల్లదు, అన్న సవరణ మాత్రం అక్కదే. ఆవిడ పుట్టింటికి బయలుదేరినప్పుడల్లా నాకు తుమ్ము వచ్చేది. రాకపోతే తెప్పించుకునేదాన్ని, చీపురు పుల్లతోనో, నశ్యం పీల్చే మావగారి పక్కన రెండు నిమిషాలు నిలబడో. అలా ఒకసారి నరసాపురం బండి కూడా తప్పిపోతే, అక్క సంచీతో తిరిగొచ్చి, అయ్యో అయ్యో అంటూ, నవ్వు బిగబట్టుకుని, తీరిగ్గా నాతోపాటు మినప్పప్పు రుబ్బడానికి కూర్చుంది.

"అక్కా, ఆ రోజు..."

"ఏ రోజే?"

"ఆపరేషన్‌కి వెళ్ళిన రోజు. కారు గుమ్మంలో ఉంది. రాహుకాలం వచ్చేస్తోందని బావగారు ఒకటే కేకలు. పొయ్యి మీద ఎండుమిరపకాయలు వేగుతున్నాయి. నాకు తుమ్ము వచ్చింది. తెప్పించుకున్నది కాదు, నిజంది. ముక్కు నులిమి మింగేశాను."

గాలి ఆగిపోయింది. కుక్కల కాళ్ళ కింద చప్పుడు లేదు.

"అది అపశకునమని కాదక్కా. నాకా నమ్మకాల్లేవు, బీయే చదివాను. తుమ్మితే ఒక పది నిమిషాలు కూర్చునేదానివి. అంతే. ఇన్నేళ్ళూ దొంగ తుమ్ములు తుమ్మి, అసలుది వచ్చిన రోజు మర్యాదకి పోయి మింగేశాను. మూడో రోజు ఫోనొచ్చింది. ఇది ఎవరితో చెప్పుకోను? వింటే నవ్వుతారు."

"నేను చూశానే," అంటుంది అక్క, చాట పక్కన పెట్టి.

"ఏం చూశావు?"

"నువ్వు ముక్కు నులుముకోవడం. గుమ్మంలోంచి తిరిగి చూశాను. కళ్ళనిండా నీళ్ళు, మొహం టమాటా పండులా ఉంది."

"మరి అడగవేం?"

"అడిగితే కూర్చోవాలి. కూర్చుంటే లేవలేనని తెలుసు నాకు. నీ పక్కన ఆ పీట మీద కూర్చుని, అన్నీ వదిలేసి ఆపరేషన్‌కి నేనెలా వెళ్ళనూ? అందుకే చూడనట్టు కారెక్కేశాను." చేతులు చీర కొంగుకు తుడుచుకుంటుంది. "నువ్వొక్కదానివే మింగావనుకున్నావా?"

కలలో మనుషులు మన మనసులోదే మనకు తిరిగి చెబుతారంటారు, కానీ ఈ మాట నా మనసులో ఏ మూలా లేదు, పదమూడు నెలలుగా ఆ మనసులోని డబ్బాలన్నీ బోర్లించి చూసుకున్నాను.

బండి ఆగి ఉంది. ఎప్పుడు ఆగిందో తెలియదు. నరసాపురం స్టేషన్లో ఉండేలాంటి సిమెంటు బల్ల ఒకటి మంచులో ఉంది, దాని వెనక ఏమీ లేదు, కాగితంలా తెల్లదనం. అక్క తొట్టి అంచు పట్టుకుని, నడుము మీద ఒక చెయ్యి వేసుకుని, అలవాటు ప్రకారం "అమ్మయ్య" అంటూ దిగుతుంది.

"ఇక్కడేంటి? ఇంకా చాలా దూరం ఉందక్కా."

"నీకుంది."

వెంట పరుగెత్తాలని ఉంది, కాని పిడి వదలకూడదు, పొద్దున అందరికీ నేర్పిన మొదటి పాఠం అదే, వదిలితే కుక్కలు మనిషి ఉందా లేదా అని చూడవు, బండి ఈడ్చుకుపోతాయి. రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి నిలబడతాను. ఇంక నా చేతిలో ఉన్నది ఒక్కటే. ముక్కు ఎగబీలుస్తాను. సూర్యుడికేసి చూస్తాను, సూర్యుడు లేడు. ముగ్గు పిండి లేదు, మిరపకాయలు లేవు, రావలసిన తుమ్ము రాదు.

"అక్కా, ఆగు, వస్తోంది, ఒక్క క్షణం!"

వెనక్కి తిరిగి చూసి నవ్వుతుంది. "కోరుకున్నప్పుడల్లా వచ్చేదిగా నీకు! అన్నట్టు ఆ చిక్కుడుకాయలు ఎక్కువసేపు ఉంచకు, గట్టిపడతాయి." బల్ల దాటుతుంది. తెల్లచీర కాదు, ఆకుపచ్చదే, అయినా తెల్లదనంలో కలిసిపోతుంది, నేను నోరు తెరుచుకుని, కళ్ళు మూసుకుని, రాని తుమ్ము కోసం...

"మేడమ్! మీ వంతు!"

కళ్ళు తెరిచాను. గుడిసెలో పొయ్యి పక్కన చెక్క బల్ల మీద కూర్చునే నిద్రపోయినట్టున్నాను. మధ్యాహ్నం వెలుతురు కిటికీలోంచి నేల మీద పడుతోంది. నాతో వ్యానులో వచ్చిన రెండు జంటలూ అప్పటికే వెళ్ళిపోయాయి. కుక్కల యజమాని ఇంగ్రిడ్, నా వయసే ఉంటుంది, గుమ్మంలో నిలబడి చేతి తొడుగులు అందిస్తోంది.

బయట నా బండి సిద్ధంగా ఉంది. ఒక్కరే వచ్చినవాళ్ళ బండి తేలికై ఎగిరిపడుతుందని తొట్టిలో కుక్కల మేత సంచి ఒకటి పెట్టి, దుప్పటి కప్పి, తాడుతో కట్టింది ఇంగ్రిడ్. చెక్కల మీద కాళ్ళు పెట్టాను. పిడి పట్టుకున్నాను. బండి కదలకుండా మంచులో దిగేసిన ఇనుప కొక్కెం ఆవిడ పైకి లాగింది. ఆరు కుక్కలూ ఒక్కసారి ముందుకు తూలాయి.

ఎడమవైపు ముందు కుక్క తుమ్మింది.

రెండోది వస్తుందేమోనని చూశాను. రాలేదు. ఒక్కటే.

"ఆ కొక్కెం మళ్ళీ దించు," అన్నాను, రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి.

"ఏమైంది? భయమా?"

"కాదు. మా ఇంటి పద్ధతి."

ఆవిడకి అర్థం కాలేదు, కాని దించింది. కుక్కలు మొరిగి గోల పెడుతున్నాయి. నేను దిగి, తొట్టిలో సంచిని కొంచెం పక్కకు జరిపి, దాని పక్కన కూర్చుని, ఫ్లాస్కు మూత తీసి నీళ్ళు తాగాను. గబగబా కాదు.