వంతెన మీద మందగించే మిషన్

నా మనవరాలు సారా పాత టీవీ గేమ్ మిషన్‌ను మళ్ళీ పుట్టించిందని విన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆట కాదు. నా కొడుకు ప్రతాప్ కుడిచేయి విరిగిన శబ్దం. ఎండిన కందికట్టెను మోకాలి మీద పెట్టి విరిచినట్టు వినిపించింది ఆ రోజు.

పెళ్ళికి ముందు ప్రతాప్ బెళుగుప్పలో బస్సులు ఆగేచోట ఒక గది తీసుకుని, బళ్ళారి నుంచి తెచ్చిన మిషన్ పెట్టి, అద్దె తీసుకుని పిల్లల చేత ఆడించేవాడు. ఒకరోజు బయ్యన్న వచ్చి కూర్చున్నాడు. భూములు వాళ్ళవి, వాటిలో పనిచేసే చేతులు మావి. ఆటలో కత్తి పట్టిన వీరుడు వంతెన దాటాలి. రెండు వైపుల నుంచీ దొంగలు మూగగానే బొమ్మంతా మందగించింది. బయ్యన్న నొక్కిన దెబ్బ ఆలస్యంగా పడింది, వీరుడు చచ్చాడు. వెనక నిలబడ్డ కూలోళ్ళ పిల్లలు నవ్వారు.

"బల్ల కింద చేయి పెట్టి ఏం చేస్తాండావురా?"

"ఏం లేదన్నా. ఆడికొస్తే మిషనే అట్ల అయితాది."

నా కొడుకు చెప్పింది అంతే. వాడి చేతిని గడప మీద పెట్టించి, ట్రాక్టర్ జాకీ రాడ్‌తో కొట్టాడు బయ్యన్న. ఒక దెబ్బతో ఆపలేదు. నేను పరిగెత్తుకుంటూ పోయి ఆ చేతిని కొంగులో చుట్టేసరికి కొంగు బరువెక్కిపోయింది. "దీన్ని బావిలో ఏస్తా" అని అందరూ వినేటట్టు చెప్పి, మిషన్‌ను చంకలో పెట్టుకుని పోయాడతను.

చేయి వంకరగా అతుక్కుంది. మోసగాడన్న పేరు అంతకంటే గట్టిగా అతుక్కుంది. వేరుశనగ కాయలు తూచేచోట ప్రతాప్‌ను ఎవరూ కాటా దగ్గరికి రానిచ్చేవారు కాదు. మూటలు మోయడానికి మాత్రం పిలిచేవారు.

ఆ పేరు కడగాలని పట్టుబట్టింది సారా. అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతోంది. అరచేతిలో పట్టే ఒక పచ్చ బోర్డు తెచ్చింది, ఎఫ్‌పీజీఏ అంటారట. పుట్టుకతో అది ఏ మిషనూ కాదు. పాత చిప్పులో ఏ తీగ ఎక్కడికి పోతుందో రాసి ఎక్కిస్తే ఆ మిషనే అయిపోతుంది.

"కంప్యూటర్లో అదే ఆట పెట్టి ఆడిస్తే సాలదా?" అని అడిగాను.

"సాలదవ్వా. కంప్యూటర్లో బాగా నడుస్తాది. నాకు ఆ తప్పు కూడా కావల్ల. బొమ్మలు ఎక్కువైతే ఆ కాలపు చిప్పుకు ఊపిరాడదు."

ఒక ఆదివారం చర్చి వదిలాక ఎర్రిస్వామి టీ హోటల్ ముందు టీవీ పెట్టింది. ఆడినవాళ్ళందరూ వంతెన మీదే పడ్డారు. ఎర్రిస్వామి కూడా పడి, "థూ" అన్నాడు. అప్పుడు బయ్యన్నకు కబురు పంపింది సారా. సర్పంచ్‌కు నిలబడుతున్న మనిషి, జనం చూస్తుండగా రానంటే ఎట్లా?

"ఏం పాపా, మీ నాయన పని నువ్వు మొదులుపెట్టినావా?"

"ఒక్కసారి ఆడి సూడండి సార్."

"ఆ మిషన్‌ను ఆ పొద్దే బావిలో ఏసినా. మళ్ళా ఇట్లాంటిదాన్ని ముట్టింది లేదు" అంటూ రిమోట్ అందుకున్నాడు.

వంతెన వచ్చింది. దొంగలు ఇంకా మూగనేలేదు, అతని బొటనవేలు దిగింది. ఆలస్యం ఎంతో అంత ముందుగా నొక్కాడు. చీకట్లో పాలు పితికేవాడి వేళ్ళకు చూపు అక్కర్లేనట్టు. వీరుడు వంతెన దాటిపోయాడు.

జనం టీవీని వదిలి బయ్యన్న వేళ్ళను చూశారు. ఎర్రిస్వామే అన్నాడు: "ఏమప్పా బయ్యన్నా, బావిలో దిగి నేర్చుకుంటివా?"

టీ గ్లాసు ఎర్రిస్వామి ముఖాన పగిలింది. చెంప చీలి నెత్తురు గడ్డం మీదికి దిగింది. బయ్యన్న బోర్డును పీకబోతే సారా దాని మీద పడింది. జడ పట్టుకుని పిల్ల తలను బల్లకేసి కొట్టాడు. అంతవరకూ గోడకు ఆనుకుని ఉన్న ప్రతాప్ కదిలాడు. అల్లం దంచే గుండ్రాయి వాడి ఎడమచేతికి ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు. మోకాలి మీద దెబ్బ పడి బయ్యన్న వంగి కూలాడు. ప్రతాప్ అతని రొమ్ము మీద కూర్చుని, వంకరచేతిని గొంతు మీద అదిమి, అతని కుడిచేతిని మోకాలితో బండకు నొక్కాడు.

"నా మిషన్ యాడ ఉండాది?"

"అటక మీద."

"నా తప్పు లేదని ఎప్పుడు తెలిసె నీకు?"

"ఆ వారమే. ఇంట్లో ఆడినా అట్లే మందగించె."

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"ఎవురికి చెప్పల్లరా? నీకా?"

గుండ్రాయి దిగింది. మళ్ళీ ఆ కందికట్టె శబ్దమే. ఇంకోసారి దిగింది. మళ్ళీ ఎత్తినప్పుడు నేను వాడి భుజం పట్టుకున్నాను. "సాలురా కొడకా. పాప తలలో నెత్తురు కారతాంది, దాన్ని సూడు." రాయి పక్కకు దొర్లింది.

సారాకు కుట్లు వేయించి, ప్రతాప్ తనే స్టేషన్‌కు పోయి కూర్చున్నాడు. ఫిర్యాదు రాలేదు. కాయలు ఒలిచే మిషన్‌లో చేయి పడిందని బయ్యన్నవాళ్ళు ఆసుపత్రిలో చెప్పుకున్నారు. నిజం చెప్పాలంటే అటక మీది సంగతి కూడా చెప్పాలి కదా. పోలీసులు చీకటి పడేలోగా వాడిని ఇంటికి పంపేశారు.

"ఆ వంతెన కాడ కొంచెం బిరబిరా పోయేటట్టు సెయ్యి పాపా, నాతో కాలేదు" అన్నాడు ఎర్రిస్వామి, చెంపకు పట్టీతోనే.

"అది తీసేస్తే ఇది మా నాయన మిషన్ కాదు మామా" అంది సారా.

ఈసారి కాయలు అరకొరగా పండాయి. హోటల్‌తో పాటు చేను కూడా ఉన్న ఎర్రిస్వామి కల్లంలో తూకం వేసే రోజు ప్రతాప్ అలవాటుగా మూటల దగ్గరికి పోయాడు.

"ఆడికి కాదప్పా. కాటా కాడ నిలబడు."

ప్రతాప్ నిలబడ్డాడు. ఎడమచేత్తో కాటా పట్టుకున్నాడు. అందరూ ముల్లు ఆగేదాకా చూస్తున్నారు, నేను వాడి చేయి చూస్తున్నాను. ముల్లు ఆగింది. వాడు తూకం పైకి చదివితే ఎర్రిస్వామి అదే రాసుకున్నాడు.