ఎత్తుకోమనని బిడ్డ

తోడికోడలు మమత మీద శోభకున్న కుళ్లు ఇవాళ్టిది కాదు. శోభ మొగుడు రఘుపతిది బొగ్గుబాయిలో పని, సెంటినరీ కాలనీలో క్వార్టరు. అతని తమ్ముడు, అంటే మమత మొగుడు, కరెంటు ప్లాంటులో ఇంజినీరు. జ్యోతినగర్‌లో ఇల్లు, ఇంటి ముందు కారు. అంతవరకూ శోభ ఎలాగో ఓర్చుకుంది. కారుదేముంది, ఎవరైనా కొంటారు. కానీ పోయిన ఎండాకాలం మమత ఐదేళ్ల కొడుకు రుత్విక్‌ని వెంటబెట్టుకుని హిమాలయాల్లో మంచుకొండ ఎక్కి వచ్చింది.

ఎక్కింది, ఊరుకుందా? బోనాల పండగనాడు అందరూ తింటుంటే ఫోన్ తీసి ఫోటోలు చూపించింది.

"మావోడు కొండంత వాని కాళ్లతోనే ఎక్కిండక్కా. ఒక్కపారి గూడ ఎత్తుకోమనలే."

సరిగ్గా అప్పుడే శోభ కూతురు దీప, రుత్విక్ ఈడుదే, ఎత్తుకుంటే గానీ మెట్లు దిగనని నాయన కాళ్లకు చుట్టుకుని ఏడుస్తోంది. అత్త సమ్మవ్వ ఫోటో వైపు ఒకసారి, మనవరాలి వైపు ఒకసారి చూసి నవ్వింది. శోభకు తిన్న కోడికూర అరగలేదు.

ఇంటికి రాగానే మొదలుపెట్టింది. "మనం గూడ పోదాం. అదే కొండకు."

"పిల్లలు సలికి ఆగుతరానే? యాదగిరిగుట్టకు పోదాం. అదీ గుట్టనే గదా," అన్నాడు రఘుపతి.

"గుట్టకు గల్లీల అందరు పోతరు!"

పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టుందని గొణిగాడే గానీ, పెళ్లాం పంతం తెలిసినవాడు గనక లీవు పెట్టాడు.

ఇక దీపకు తిప్పలు. పొద్దున్నే కాలనీ గ్రౌండు చుట్టూ నడక. ఆగితే "రుత్విక్ ఆగిండా?" ఏడిస్తే "రుత్విక్ ఏడ్చిండా?" అన్నం వదిలేసినా రుత్విక్, షూ విప్పేసినా రుత్విక్. తల్లి నోట తన పేరుకన్నా ఆ పిల్లాడి పేరే ఎక్కువ విన్నది పాపం.

ఎండాకాలం రాగానే రామగుండంలో ఢిల్లీ రైలెక్కి, అక్కడినుంచి బస్సులు మారి, కొండ కిందికి చేరారు. దీప తమ్ముడు, మూడేళ్ల చిన్నోడు, నాయన వీపున చెద్దరులో. దీప మాత్రం గైడు వెనకే నోరెత్తకుండా నడిచింది. శోభ వీడియోలు తీస్తూ మురిసిపోయింది. ఇప్పుడు నవ్వమను అత్తను!

"బాయిల ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు. గిదేందే, ఉల్టా ఉన్నది," అని రొప్పాడు రఘుపతి.

మర్నాడు మంచు ఎదురుగా కనబడుతుండగా గైడు ఆగి దీప ముఖంలోకి చూశాడు. పెదాలు నల్లబడ్డాయి. తల నొస్తోందా అని హిందీలో అడిగితే రఘుపతి తెలుగులో చెప్పాడు. దీప తల్లి వైపు చూసి, లేదని తలూపింది.

"దానికేం గాలే. నడుస్తున్నది గద! ఇంకింత దూరమే," అంది శోభ.

నాలుగడుగులు వేసి దీప భళ్లున కక్కుకుంది. కొండ ఎత్తు పడలేదు, దిగాల్సిందే, ఇప్పుడే, అన్నాడు గైడు. ఏ తల్లికైనా ముందు భయం పుట్టాలి. శోభకు ముందు మమత నవ్వు మొహం కనబడింది. భయం ఆ తర్వాత వచ్చింది. పిల్లను గైడు వీపున వేసుకుంటే, వెనకే ఏడుస్తూ దిగింది.

కింది గుడారాల దగ్గరికి వచ్చేసరికి దీప తేరుకుని నీళ్లు తాగింది.

"ఎప్పటిసంది నొస్తున్నది బిడ్డా తలకాయ?" అనడిగింది శోభ.

"నిన్నటిసంది."

"మరి చెప్పొద్దానే!"

దీప తల వంచుకుంది. "చెప్తే... నన్ను చిన్నమ్మకిచ్చి రుత్విక్‌ను తెచ్చుకుంటవని."

తన కడుపుమంట ఏ కడుపుకు అంటుకుందో శోభకు అప్పుడు తెలిసింది. ఏడుస్తూ ఎత్తుకోబోయింది. దీప బెదిరి వెనక్కి జరిగి, వణికే కాళ్ల మీద లేచి నిలబడింది.

"వద్దమ్మా. నడుస్త."