మొగులమ్మ దరఖాస్తు

కర్దనూర్ నుంచి పద్నాలుగు మంది ఆడవాళ్లు బొల్లారంలోని మందుల ఫ్యాక్టరీకి ప్యాకింగ్ పనికి వెళ్తారు. కంపెనీ బస్సు వాళ్ల ఊరి ముందు నుంచే పోతుంది గానీ ఆగదు. మైలు దూరంలోని స్టాపు దాకా నడవాల్సిందే. ఎప్పుడడిగినా సూపర్‌వైజర్‌ది ఒకటే మాట: "రాసియ్యుర్రి, సూద్దాం."

ఆ రాయడమే మొగులమ్మకు రాదు. నలభై రెండేళ్లొచ్చినా వేలిముద్రే.

ఒకరోజు క్యాంటీన్లో, తనతో పనిచేసే వెంకటలక్ష్మి మొగులమ్మ ఫోన్లోనే మైకు బొమ్మ చూపించింది. వెంకటలక్ష్మి ఐదో తరగతి చదివింది, కూడబలుక్కుని చదవగలదు.

"గిది నొక్కి మాట్లాడక్కా. అదే రాస్తది."

మొగులమ్మ ఫోను నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా అరిచింది: "సారూ, మా ఊరి కాడ బస్సు జెర ఆపుర్రి!"

వెంకటలక్ష్మి చదివి పొట్ట పట్టుకుంది. "నువ్వు 'జెర' అంటే, అది బస్సుకు జ్వరమని రాసిందక్కా!"

అందరూ పడీపడీ నవ్వారు. మొగులమ్మా నవ్వింది, కానీ ఫోను వదల్లేదు. "దానికి మన మాట సమజ్ కాలే. మెల్లగ చెప్త."

మూడు రోజులు, అన్నం తినే వేళల్లో చెప్పింది. తప్పొస్తే తుడిపించి మళ్లీ చెప్పింది. పొద్దుగాల కుక్కలు వెంటపడుతున్నాయనీ, నడిచొస్తుంటే తమలో సునందకు కాలు బెణికిందనీ చెప్పి, "ఒక్క నిమిషం ఆపితే మీ సొమ్మేం పోదు" అని ముగించింది.

"ఆ మాట తీసేద్దామక్కా," అంది వెంకటలక్ష్మి.

"ఉండనీ. దరఖాస్తు నాది."

వెంకటలక్ష్మి దాన్ని కంపెనీ ఆఫీసుకు మెసేజ్ పంపిన మర్నాడు, అక్కడి శ్రావ్య మేడం మొగులమ్మను పిలిపించింది.

"ఇది ఎవరు రాసిపెట్టారమ్మా?"

"నేనే రాసిన మేడం."

శ్రావ్య నమ్మనట్టు చూసింది. మొగులమ్మ అక్కడికక్కడే మైకు నొక్కి, "నేనే రాసిన. నా పేరు మొగులమ్మ," అంది. తెర మీద అక్షరాలు వరసగా వచ్చాయి.

శ్రావ్య లేచి పక్కకొచ్చింది. "ఇదిగో, ఇదీ మీ పేరు."

మొగులమ్మ ఆ నాలుగక్షరాలనూ వేలితో తడిమింది. కళ్లు చెమర్చాయి. "గింత చిన్నగుందా!" అని నవ్వేసింది.

సోమవారం పొద్దున కర్దనూర్‌లో బస్సు ఆగింది. వెంకటలక్ష్మి ఈల వేసింది. డ్రైవర్ రామన్న తల బయటపెట్టి, "దరఖాస్తు పెట్టిందెవరు?" అన్నాడు.

"నేనే అన్నా!" అంటూ మొగులమ్మ అందరికన్నా ముందు ఎక్కింది.

బొల్లారం చేరేలోపు ఆమె సీటు చుట్టూ గుంపైంది. ఒకరికి వీధిలైటు కావాలి, ఒకరికి నల్లా నీళ్లు రావట్లేదు.

"ఆగుర్రి, ఆగుర్రి! మైకు మీ ఫోన్లల్ల గూడ ఉన్నది, తియ్యుర్రి!" అంది మొగులమ్మ.